గుండీలక్క తేలిన మధ్యాహ్నాలు

గుండీలక్క ఆ చొక్కాకి చేతిని మెడ దగ్గర కుట్టేసింది. అదీ ఏదో పైపైన కాదు. రెండు వరసల గట్టి కుట్టు వేసి, దారం తెంపి, ఇస్త్రీ కూడా చేసి కొక్కేనికి తగిలించింది. కోటుకి జిప్పు మార్పించుకుందామని వచ్చిన కండక్టరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదెవరికమ్మాయ్? తల ఉండాల్సిన చోట చెయ్యి మొలిచినవాడికా?"

గుండీలక్క తలెత్తి చూసింది. నవ్వు రావాల్సిన చోట కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాటిని దాచుకోడానికి కత్తెర కోసం వెతికినట్లు బల్ల కిందికి వంగింది.

కండక్టరమ్మ సిటీ బస్సులో ఉద్యోగం చేసి దిగిపోయిన మనిషి. గొంతు ఇప్పటికీ వెనక సీటు దాకా వినిపిస్తుంది. కానీ అప్పుడు మాత్రం గొంతు తగ్గించి, లోపలి గది వైపు గడ్డం ఎత్తి, "లోపల పడుకున్నదెవరు?" అంది.

"మా వదిన."

నిజానికి వదినేం కాదు. చిన్నప్పుడు, ఒకరి అన్నని ఒకరం చేసుకుందామని ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు. తీరా చూస్తే ఇద్దరికీ అన్నలు లేరు. పిలుపు మాత్రం మిగిలిపోయింది. పెద్దయ్యాక ఇద్దరూ కలిసి ఈ కుట్టుకొట్టు పెట్టారు. వదిన కత్తిరించేది, గుండీలక్క కుట్టేది. వదిన చేతిలో కత్తెర కదులుతుంటే గుడ్డ తనంతట తానే దారిచ్చినట్లుండేది. ఒకరోజు ఆ కత్తెర చేతిలోంచి జారి పడింది. కుడివైపంతా చచ్చుపడింది. మాటలు పోయి, ఏవో నాలుగైదు మిగిలాయి. ఆనాటి నుంచి స్నానం, తిండి, పక్క మార్చడం, ఒళ్ళు తుడవడం అన్నీ గుండీలక్కవే. అడిగినవాళ్ళకి, "నా వదిన నాకు బరువా?" అనేది. అడగడం మానేశాక ఆ మాట తనకు తానే చెప్పుకునేది.

"బుధవారం మధ్యాహ్నం నేనొచ్చి మీ వదిన దగ్గర కూర్చుంటా. నువ్వు ఈతకొలనుకి వెళ్ళు," అంది కండక్టరమ్మ. "ఇంట్లో జబ్బు మనిషిని చూసుకునేవాళ్ళం ఈ చుట్టుపక్కల కొంతమందిమి ఉన్నాంలే. ఒకరింట్లో ఒకరం వంతులేసుకుని కూర్చుంటాం. ఆ పూట కొలను మనవాళ్ళకే వదిలేస్తారు."

"నేను లేకపోతే మా వదిన ముద్ద ముట్టదు పిన్నీ."

"అలాగా? చూద్దాం. ముట్టకపోతే వచ్చి నువ్వే పెడుదువుగాని."

గుండీలక్క పెదవి విరిచింది. అయినా ఆ వారమంతా మిగిలిపోయిన లైనింగు గుడ్డతో వదులుగా ఒక ఈత గౌను కుట్టుకుంటూనే ఉంది. ఎందుకు కుడుతున్నావంటే చెప్పలేదు. అడిగినవాళ్ళూ లేరనుకోండి.

కొలనుకి గాజు పైకప్పు. బుధవారం మధ్యాహ్నపు ఎండ దానిగుండా దిగి, గచ్చు మీద తెల్లటి అలల్లా కదులుతోంది. అక్కడ మాటలకి అంచులు లేవు. ఎవరో నవ్వితే ఆ నవ్వు ఆవిరిలో సుళ్ళు తిరిగి మెత్తబడి వచ్చేది. గుండీలక్క మెట్లు దిగుతుంటే గౌనులోకి గాలి దూరి బుడగలా ఉబ్బింది. ఈతమాస్టారు నవ్వు ఆపుకున్నాడు. కుర్రవాడేం కాదు, చెవుల పక్కన నెరిసింది.

"పడుకోండక్కా. తల కింద నా చెయ్యి ఉంటుంది."

"నేను బరువు బాబూ."

"నీళ్ళకి ఆ సంగతి తెలీదులెండి. మీరేం చెయ్యకండి. ఊరికే ఉండండి."

ఊరికే ఉండటం ఆమెకి చేతకాలేదు. మెడ బిగించింది, కాళ్ళు తన్నింది, నీళ్ళు మింగి దగ్గింది. మాస్టారు విసుక్కోలేదు. మళ్ళీ, మళ్ళీ పడుకోబెట్టాడు. ఏ క్షణానో ఆమె నడుము తనంతట తానే వదులైంది. చెవులు నీళ్ళలో మునిగి లోకం దూరంగా జరిగిపోయింది. గాజుకప్పు పైన మబ్బులు నెమ్మదిగా పోతున్నాయి. తాను పోతోందో, మబ్బులు పోతున్నాయో తెలియకుండానే కళ్ళు మూతపడ్డాయి. కొలనంతా విప్పి పరిచిన నీలం గుడ్డ. ఆ గుడ్డ మీద వదిన రెండు కాళ్ళతో నడిచి వస్తోంది. కుడిచేత్తో నీళ్ళని కత్తిరిస్తోంది. కత్తిరించిన చోటల్లా నీళ్ళు మళ్ళీ అతుక్కుంటున్నాయి. "కొలత సరిగ్గా చెప్పవే," అంటోంది వదిన, పాత గొంతుతో. గుండీలక్క చెప్పబోయింది. కళ్ళు తెరిచేసరికి మాస్టారు పక్కన ఎక్కడా లేడు. ఆమె ఒక్కతే తేలుతోంది.

తడి జుట్టుతో, తేలికైన ఒంటితో ఇంటికొచ్చింది. లోపలి గదిలోంచి కేక వినబడింది.

"రైట్ రైట్! తరవాతి స్టాపు పాలరొట్టె! ఎక్కేవాళ్ళు నోరు తెరవాలి!"

వదిన నోరు తెరుస్తోంది. నవ్వుతోంది. వంకర పడిన పెదవి పక్కనుంచి పాలు కారేంతగా నవ్వుతోంది. గిన్నె దాదాపు ఖాళీ.

గుండీలక్క గుమ్మంలోనే నిలబడిపోయింది. సంతోషించాలని ఆమెకీ తెలుసు. కానీ, తన చేతి ముద్దకి ఈ నవ్వు వచ్చి ఎన్నాళ్ళయింది?

"చాల్లెండి, ఇక నేను పెడతా," అని గిన్నె లాక్కుంది. "వచ్చే వారం రానక్కర్లేదు."

కండక్టరమ్మ లేచి కోటు వేసుకుని వెళ్ళిపోయింది.

తరవాతి బుధవారం గుండీలక్క ఇంట్లోనే ఉంది. పాలలో రొట్టె నానబెట్టి మంచం దగ్గర కూర్చుంది. వదిన మొహం తిప్పేసుకుంది.

"నీళ్ళు," అంది.

గ్లాసు నోటికి పెట్టింది. వదిన ఎడంచేత్తో తోసేసింది.

"నీళ్ళు."

వేడినీళ్ళు తెచ్చింది. తడిగుడ్డ తెచ్చింది. దేనికీ ఒప్పుకోలేదు. "నన్ను చంపుకు తినడానికే పుట్టావా?" అని గుండీలక్క గట్టిగా అరిచి, అరిచినందుకు తానే హడలి, మంచం అంచున కూలబడింది. అప్పుడు వదిన తన మంచి చేతిని చాచి, వెల్లకిలా తిప్పి, గాలిలో మెల్లగా అటూ ఇటూ తేల్చింది. తరవాత అదే చెయ్యి గుండీలక్క వీపు మీద ఆనించింది. తడి ఆరని జుట్టుతో ఆ రోజు గుమ్మంలో నిలబడిన మనిషిని వదిన చూసింది. కసిరి గిన్నె లాక్కున్న మనిషినే కాదు, అంతకు ముందు వాకిట్లోకి వస్తూ కూనిరాగం తీసిన మనిషిని కూడా గమనించింది.

"నన్ను కొలనుకి పొమ్మంటున్నావా వదినా?"

"రైట్," అంది వదిన. ఆమె నాలుగైదు మాటల్లో ఇది కొత్తది.

గుండీలక్క ఏడుస్తూ నవ్వింది. సాయంత్రం వదినని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టుకుని, రెండు వీధుల అవతల కండక్టరమ్మ ఇంటికి తోసుకుంటూ వెళ్ళింది. ఏం చెప్పాలో దారంతా మాటలు కూర్చుకుంది. తలుపు తెరుచుకోగానే అంతా మర్చిపోయి, "నా బుద్ధి గడ్డి తింది పిన్నీ," అంది.

"తింటే తిన్నది. అరిగిందా?" అంది కండక్టరమ్మ. "మంచాన పడ్డ మా ఆయన పక్కింటాయన చేత గడ్డం గీయించుకుని నవ్వినప్పుడు నేను సబ్బుగిన్నె కిటికీలోంచి విసిరేశా. నువ్వు నయం, గిన్నె లాక్కున్నావంతే. రండి, లోపలికి రండి."

చలికాలం వచ్చేసరికి గుండీలక్క వంతు కూడా మొదలైంది. శుక్రవారాలు వదినని కండక్టరమ్మకి అప్పగించి, ఈతమాస్టారు తండ్రి దగ్గర కూర్చునేది. ఆ పెద్దాయనకి వచ్చినవాళ్ళెవరో గుర్తుండదు. ఉద్యోగానికి తప్ప తండ్రిని వదిలి ఎటూ కదల్లేని మాస్టారు, ఆ పూట మాత్రం టోపీ పెట్టుకుని ఊరికే వీధులు తిరగడానికి వెళ్ళేవాడు.

"నువ్వెవరి అమ్మాయివి?" అని అడిగాడు పెద్దాయన మొదటిరోజు.

"ఎవరో ఒకరి అమ్మాయినేలే బాబాయ్. మీతో కూర్చుందామని వచ్చా."

"అయితే కూర్చో. నిలబడతావేం?"

కూర్చుంది. పెద్దాయన కిటికీ బయట రాలుతున్న ఆకులకి ఒక్కొక్క పేరూ పెడుతూ, పెడుతూ నిద్రలోకి జారాడు. గాలికి తెర ఉబ్బి, తగ్గి, మళ్ళీ ఉబ్బింది. దాని అంచు ఎవరో చేతికొచ్చినట్లు కుట్టారు. ఒకచోట ఎక్కువ మడత, ఒకచోట తక్కువ. ఇంకొకప్పుడైతే గుండీలక్క సంచిలోంచి సూది తీసేది. ఇప్పుడు ఆ వంకర అంచు ఎండలో ఊగుతుంటే చూస్తూ, కుర్చీలో వెనక్కి వాలింది.