వల కట్టని రోజుల్లో ఒక గోల్

ఇప్పుడు గోల్ వెనక వల కడుతున్నారు. బంతి వెళ్లి అందులో చిక్కుకుంటుంది, ఇంక వాదన లేదు. మా రోజుల్లో రెండు గుంజలు, వాటి మీద ఒక అడ్డకర్ర, అంతే. బంతి వాటి మధ్య నుంచి పోయిందో పక్క నుంచి పోయిందో మనుషులే చెప్పాలి. మనుషులు చెప్పేదాంట్లో నిజం ఎంతో నన్నడగండి, నలభై ఏళ్లుగా మోస్తున్నాను.

నా పేరు హెప్సీ. పన్నెండో ఏట ఇంగ్లండులో మా బ్రాక్‌డెన్ మిల్లులో మగ్గం దగ్గర నిలబడ్డాను. నా నోరు మంచిది కాదంటారు ఊళ్లో. నోటి సంగతేమో గానీ కళ్లు మాత్రం మంచివి. నాలుగొందల మగ్గాలు ఒక్కసారిగా కొట్టుకుంటుంటే పక్క మనిషి మాట వినపడదు. అందుకని మా నేతపని ఆడవాళ్లమంతా పెదాలు చూసి మాట్లాడుకునేవాళ్లం. ఇరవై గజాల అవతల ఎవరు ఎవర్ని తిడుతున్నారో ఇట్టే చెప్పేసేదాన్ని.

డూగల్ రాంకిన్‌ని మా మిల్లు యజమాని స్కాట్లండ్ నుంచి తెప్పించాడు. ఫుట్‌బాల్ క్లబ్బు కూడా ఆయనదే లెండి. పేరుకి డూగల్ మగ్గాలకి నూనె పోసే పనివాడు, కూలి మాత్రం బంతి ఆడినందుకు. నూనెడబ్బా పట్టుకోవడం కూడా రాదు మహానుభావుడికి! మొదటి రోజే నేను నేస్తున్న బట్ట మీద ఇంత నూనె ఒలకబోశాడు.

"కళ్లెక్కడ పెట్టుకున్నావయ్యా? దీనికి జరిమానా మీ నాన్న కడతాడా?" అని అతని చెవిలో అరిచాను.

"ఆయనెక్కడ కడతాడు? నాతో మాట్లాడ్డమే మానేశాడు" అన్నాడు నవ్వుతూ. మాట వినపడలేదు, పెదాలే చూశాను. ఆ నవ్వు చూశాక జరిమానా సంగతి మళ్లీ ఎత్తలేదు.

తర్వాత తెలిసింది. వాళ్ల కిల్‌బార్న్ ఊళ్లో అందరూ ఎర్ర అద్దకం ఫ్యాక్టరీలో పనిచేస్తారు, శనివారం పూట కూలి లేకుండా ఊరికే ఆడతారు. ఊరి క్లబ్బు పెట్టిందే వాళ్ల నాన్న గావిన్. డబ్బు తీసుకుని ఇంగ్లండులో ఆడేవాళ్ల పేర్లు స్కాట్లండ్ ఆట పెద్దలు కాగితం మీద అచ్చేయించి, ప్రతి క్లబ్బు తలుపుకీ కొట్టించారు. వీళ్లని మళ్లీ మన మైదానంలో అడుగు పెట్టనివ్వద్దని. కిల్‌బార్న్‌లో ఆ కాగితం మీద ఉన్నది ఒక్క డూగల్ పేరే. దాన్ని తలుపుకి కొట్టింది కూడా గావినే. "ఆటకి కూలి తీసుకున్నవాడు రేపు మాటకీ తీసుకుంటాడు" అన్నాట్ట. రెండేళ్లలో డూగల్ రాసిన ఉత్తరాలకి ఒక్క జవాబు లేదు.

అయినా ఎంత బాగుండేవండీ ఆ రోజులు! శనివారం మధ్యాహ్నం మిల్లు కూత పెట్టిందంటే చాలు, చెక్కబూట్లు రాళ్లవీధిలో టకటకలాడించుకుంటూ ఊరు ఊరంతా మైదానానికే. పొట్లంలో వేడి బఠాణీలు, పైన ఇంత వెనిగరు. డూగల్ ఎడమ అంచున బంతి పట్టుకుని పరిగెత్తాడంటే ముసలమ్మలు కూడా శాలువాలు ఊపేవాళ్లు. కొయ్యమొద్దుల్లా ఉండే మా కుర్రాళ్ల మధ్య అతనొక్కడే గాలిలా తేలిపోయేవాడు. నాకు మనసైపోయింది, దాచడమెందుకు? అతనికీ అయింది. కానీ పెళ్లి మాటెత్తితే, "నాన్న ఒక్క మాట మాట్లాడనీ హెప్సీ. తండ్రి ఉండీ లేనివాడిలా చేసుకోలేను" అనేవాడు.

"అట్లాగే కూర్చో. నీ గడ్డం, నా జుట్టూ కలిసి నెరుస్తాయి" అని దెప్పేదాన్ని.

అలాంటి సమయంలో కప్పు పోటీలకి చీటీలు తీస్తే మా వాళ్లకి పడింది ఎవరనుకున్నారు? కిల్‌బార్న్! అదీ వాళ్ల మైదానంలోనే. అప్పట్లో స్కాట్లండ్ క్లబ్బులు కూడా ఇంగ్లండు కప్పుకి ఆడేవి. కప్పు ఇంగ్లండుది కాబట్టి రూలూ ఇంగ్లండుదే, అక్కడ కూలికి ఆడటాన్ని అప్పటికే ఒప్పుకున్నారు, డూగల్‌ని ఆపే హక్కు వాళ్లకి లేదు. అప్పుడు క్లబ్బుకొక అంపైరు ఉండేవాడు, గోలైతే చేతికర్ర పైకెత్తేవాడు. ఇద్దరికీ కుదరకపోతేనే రిఫరీ కలగజేసుకునేవాడు. కిల్‌బార్న్ అంపైరు గావిన్.

ప్రత్యేక రైలు వేశారు. మేం మగ్గాల షెడ్డు వాళ్లం అరవై మందిమి వెళ్లాం. వాళ్ల గోల్ వెనక కట్టిన తాడు పట్టుకుని ఎడమ గుంజ పక్కనే నిలబడ్డాను. గావిన్‌ని అప్పుడే మొదటిసారి చూడ్డం. సన్నగా, నిటారుగా ఉన్నాడు, మోచేతుల దాకా అద్దకం ఎరుపు. కొడుకు ముందునుంచి పోతున్నా తల తిప్పలేదు. ఊరి జనమైతే, "కూలోడా! ఇవాళ్టి కూలి ముట్టిందా?" అని ఒకటే ఎగతాళి. నాకు ఒళ్లు మండిపోయింది.

ఇద్దరూ చెరి రెండు గోల్స్. ఇంకో రెండు నిమిషాల్లో ఆట అయిపోతుందనగా డూగల్ ఒకణ్ణి తప్పించి, ఇంకొకణ్ణి తప్పించి, లాగి కొట్టాడు. బంతి రయ్యిమని వచ్చింది. గుంజకి బయట నుంచి. నా మోచేతికి జానెడు దూరంలోంచి పోయింది, ఆ గాలి నాకు తగిలింది.

అంతే, డూగల్ తప్ప మా పదిమందీ చేతులు పైకెత్తి "గోల్! గోల్!" అని కేకలు. ఎక్కడో సగం మైదానం అవతలున్న మా అంపైరు కర్ర ఎత్తేశాడు, సిగ్గులేనివాడు. ఊరివాళ్లు "కాదు! కాదు!" అని తాడు తెంపుకొచ్చేలా ఉన్నారు. గుంజకి మూడు గజాల్లో నిలబడ్డ గావిన్ కర్ర మాత్రం లేవలేదు. రిఫరీ పరిగెత్తుకొచ్చి ఆయన్నడిగాడు. ఆయన రిఫరీని చూడలేదు. రెండేళ్ల తర్వాత మొదటిసారి కొడుకు ముఖంలోకి చూశాడు. ఆ గోలలో ఎవరికీ వినపడలేదు గానీ నాకు పెదాలు కనిపించాయి.

"ఒరేయ్ డూగల్, లోపలికి పోయిందా?"

చెప్పరా నాయనా, లేదని చెప్పు అని నేను తాడు మీదికి వంగి గొణుక్కున్నాను. డూగల్ వెనక పదిమంది, ఎదురుగా తిట్టిన ఊరు, పక్కనే తండ్రి. ఒక్క క్షణం నోరు తెరిచి మూశాడు.

"పోయింది నాన్నా."

గావిన్ కర్ర ఎత్తాడు.

మట్టిబెడ్డలు వర్షంలా పడ్డాయి. ముసలాయన కొడుకు భుజం మీద చెయ్యేసి, బెడ్డలకి తన వీపు అడ్డం పెట్టి, జనం మధ్య నుంచి నడిపించుకుని ఇంటికి తీసుకుపోయాడు. నేనూ వెనకాలే వెళ్లాను. వాళ్లమ్మ బార్లీ సూపు పోసింది. డూగల్ చిన్నపిల్లాడిలా తాగుతూ ఏడ్చాడు. నేను చూసింది చూసినట్టే మింగేశాను. అంత సంతోషం చెడగొట్టే నోరు నాకు కూడా లేదు.

ఈస్టర్ పండక్కి మా పెళ్లయింది. గావిన్ మావయ్య వచ్చాడు. ముందు గదిలో పాటలు సాగుతుంటే వంటింట్లో నాతోపాటు గిన్నెలు తుడవడానికి నిలబడ్డాడు.

"అంపైరుగా ఉండటం మానేశారటగా, ఏం మావయ్యా?" అన్నాను.

"ఆ రోజు గుంజ పక్కనున్నది నువ్వే కదమ్మా?"

తడిగిన్నె ఒకటి ఆయన చేతికిచ్చాను.

"చూశావు. నేనూ చూశాను" అన్నాడు.

"మరి మీ అబ్బాయిని ఎందుకు అడిగారు?"

"నిజం చెబుతాడనుకున్నాను. చెబితే, నా కొడుకు కాలే అమ్ముకున్నాడు గానీ నోరు అమ్ముకోలేదని ఊరందరికీ చాటుకుందామనుకున్నాను." గిన్నె తుడిచిందే తుడుస్తున్నాడు. "పోయిందన్నాడు. నేను కాదంటే, అంతమందిలో వాణ్ణి దొంగని చేసినవాణ్ణవుతాను. తండ్రినమ్మా, నా వల్ల కాలేదు. వాడికి మాత్రం చెప్పకు."

చెప్పలేదు. డూగల్ ఇంకా తొమ్మిదేళ్లు ఆడాడు. లీగు పోటీలు వచ్చాయి, సిగరెట్టు పెట్టెల్లో వేసే ఆటగాళ్ల బొమ్మల్లో అతని బొమ్మా వచ్చింది, ప్రతి ఊళ్లోనూ కుర్రాళ్లు వెంటపడేవాళ్లు. తర్వాత మోకాళ్లు పోయాయి. ఆట మానినవాళ్లందరిలాగే మేమూ ఒక బీరు దుకాణం పెట్టుకున్నాం. ఆటల కబుర్లన్నీ చెప్పేవాడు వచ్చినవాళ్లకి, కిల్‌బార్న్ ఆట ఒక్కటి తప్ప.

మావయ్య పోయాక, అంత్యక్రియలకి వెళ్లొచ్చిన మర్నాడు, దుకాణం ఇంకా తెరవలేదు, డూగల్ బల్ల దగ్గర కూర్చుని అన్నాడు:

"హెప్సీ, ఆ బంతి బయటికే పోయింది."

నేను చీపురు పక్కన పెట్టాను.

"నన్ను నమ్మి కర్ర ఎత్తాడే మా నాన్న! ఊళ్లో ఎన్ని మాటలు పడ్డాడో. నేను అబద్ధమాడానని తెలియకుండానే పోయాడు. అంతేనంటావా? మూడు గజాల్లో ఉన్నాడే... ఆయనకి తెలిసి ఉంటుందా?"

తెలుసంటే ఈ మనిషి ఏమైపోతాడు? తెలియదంటే మాత్రం ఏం మిగులుతుంది?

"ఆయనకేం కనిపిస్తుంది పాపం. ఎదురెండ కదా, కళ్లలో పడింది" అన్నాను.

ఆ రోజు కిల్‌బార్న్‌లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ముసురే. ఎండ ముఖం ఎవడూ చూడలేదు. డూగల్ తల ఊపాడు.

"అవును, ఎండ బాగా ఉంది ఆ రోజు" అన్నాడు. లేచి, గ్లాసులు తుడవడానికి వెళ్లాడు.