కంటితో గీసిన వాలు

నా కన్ను రసమట్టం కన్నా కచ్చితం. గోడకు తగిలించిన పటం చీమ కాలంత వంకరగా ఉన్నా చాలు, వీధి చివర నుంచే నాకు కళ్లు తిరుగుతాయి. మేస్త్రీ రాళ్లు పరిచిన మూడు రోజులూ ఈ మాట అందరికీ చెప్పాను.

నాలుగో రోజు మధ్యాహ్నం మా పిన్ని గుమ్మం ముందు బకెట్ నీళ్లు కుమ్మరించింది. అవి చెరువు వైపు వెళ్లాలి. కాసేపు ఆలోచించుకుని, ఇంట్లోకి వచ్చాయి.

ఇళ్ల చుట్టూ తోటలూ కూర్చునే చోట్లూ డిజైన్ చేయడం పిన్ని పని. ఆమె దగ్గర నేను పని చేస్తాను. ఈ ఇంటావిడ చక్రాల కుర్చీలో తిరుగుతుంది. సాయంత్రాలు చెరువు పక్కన టీ తాగాలని, గుమ్మం నుంచి నీళ్ల అంచు దాకా ఒక్క మెట్టు కూడా లేకుండా రాళ్లు పరచమంది. గుమ్మానికి గడప అడ్డు లేదు కాబట్టి, వాలు తప్పితే ప్రతి వానా ఆవిడ మంచం కిందికే.

"ఏంటిది మేస్త్రీ?" పిన్నికి కోప్పడే ఓపిక కూడా లేదు.

మేస్త్రీ రాళ్ల మీదే కూలబడి, మోకాళ్లకు చుట్టుకున్న గోనె గుడ్డలు విప్పాడు. "నేలలో పాతిన మేకుల మీద ఎర్ర గీత ఎక్కడుంటే రాయి అక్కడేశానమ్మా. రెండొందల పదహారు రాళ్లు. వాటిని లేపాలంటే ముందు నన్ను లేపాలి."

"లేవక్కర్లేదులే. రేపు వేరేవాళ్లని పిలుస్తా."

ఆయన గుడ్డలు మడత పెట్టుకుంటున్నాడు.

"కప్పలు జరిపుంటాయి పిన్నీ మేకుల్ని," అన్నాను. "ఇక్కడివి ఒక్కోటి దూడంత ఉన్నాయి."

పిన్ని నా వైపు తిరిగింది. "గీతలు పెట్టింది నువ్వేగా. లెవెల్ పైపుతోనే చూశావా?"

లెవెల్ పైపంటే నీళ్లు నింపిన పొడుగాటి ప్లాస్టిక్ గొట్టం. రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే ఎత్తులో నిలబడతాయి. ఆ ఎత్తు చూసుకుని గీతలు పెట్టాలి.

"రెండుసార్లు చూశా. మూడోసారి పైపే వద్దంది."

"రెండో కొస ఎవరు పట్టుకున్నారు?"

"గుమ్మానికి కట్టేశా."

పిన్ని కాళ్లీడ్చుకుంటూ వ్యాను దాకా వెళ్లి, పైపు చుట్ట తెచ్చి మేస్త్రీ ఒళ్లో పడేసింది. ఆయన దాని మూతి చూసి, వేలితో తట్టాడు. ఎండిన మట్టితో మూసుకుపోయింది. ఆ మట్టికి గుండ్రటి చిన్న కన్నం.

"మట్టి కందిరీగ గూడమ్మా. ఇది కట్టి వారమైనా అయ్యుంటుంది," అన్నాడు నీరసంగా. "ఈ సైట్లో కొలిచి కట్టింది ఇదొక్కటే."

గీతలు పెట్టి ఐదు రోజులే అయింది. నాకు తెలిసిన కప్పలన్నీ ఒక్కసారిగా అయిపోయాయి.

"పైపుతో చూడలేదు పిన్నీ. ఆ రోజు నలభై బస్తాల ఇసుక మోసి..."

మేస్త్రీ తలెత్తి నా వైపు చూశాడు.

"నాలుగు," అని సర్దుకున్నాను. "నాలుగు బస్తాలకే నడుం పడిపోయింది. గుమ్మంలో కూర్చుని కంటితో గీసేశా. మేస్త్రీని పంపెయ్యకు. రాళ్లు నేను లేపుతా."