కుందుర్పి వైపు చూసే బొమ్మలు

కుందుర్పిలో ఎవరైనా పొద్దున చెప్పులేసుకునే ముందు గుమ్మం పైకి ఒకసారి చూస్తారు. అక్కడ దిష్టిబొమ్మ ఉంటుంది. శనగనూనె డబ్బా రేకును కత్తిరించి రంగులేసిన ముఖం, మెలి తిరిగిన మీసాలు, గుండ్రటి కళ్లు, గడ్డం దాకా వేలాడే ఎర్రటి నాలుక. నాలుక బయట ఉంటే పనికి పోతారు. లోపలికి పోయి ఉంటే ఆ ఇంటికేదో కీడు వస్తోందని బొమ్మ చూసిందన్నమాట. ఆ రోజు పొయ్యి దగ్గర, కరెంటు మోటారు దగ్గర, గొడ్ల దగ్గర ఒళ్లు దగ్గర పెట్టుకుని మసులుకుంటారు. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. బ్యాంకులో గుమాస్తా ఫోన్ చేసి "నాలుక పోయింది సార్, ఈ పొద్దు రాలేను" అంటే మేనేజరు సరేనంటాడు.

ఆ బొమ్మలన్నీ ఎర్రిస్వామి గీసినవే. అంతకు ముందువి ఆయన తండ్రి గీసినవి. ఆయన గీసిన బొమ్మ ఇల్లు దాటేటప్పుడు కళ్లు తెల్లగానే ఉంటాయి. కొనుక్కున్నవాళ్లు గుమ్మానికి తగిలించాక, ఆ ఇంటి పెద్ద ఆడమనిషి ఆముదం దీపం మసిని వేలికి తీసుకుని రెండు కళ్లలో చుక్కలు పెడుతుంది. అప్పుడే బొమ్మకు చూపు వస్తుంది. ఎవరి వేలు పెట్టిన చుక్కో వాళ్ల గడపే దానికి గడప. ఊరందరికీ కాపలా గీసిచ్చే ఎర్రిస్వామి గుమ్మానికి మాత్రం బొమ్మ లేదు. చిన్నప్పుడు ఎందుకు లేదని కూతురు నిఖిత అడిగితే, "గీసేటోడు తనకోసం ఒకటి దాచుకోకూడదు పాపా, మా నాయన చెప్పినాడు" అన్నాడు. భార్య ఆదిలక్ష్మి పోయి ఆరేళ్లయింది. ఇప్పుడా ఇంట్లో ఉండేది తండ్రీ కూతురూ ఇద్దరే.

నిఖిత డిగ్రీ చదివి, తహసీల్దారు ఆఫీసు ఎదురుగా ఉన్న జిరాక్సు షాపులో పనిచేస్తోంది. ఆదివారం వస్తే స్కూటీ వేసుకుని వింతల వేటకు పోతుంది. ఫోన్‌లో ఆమెకొక పేజీ ఉంది. దాని పేరు "ఇదేందప్పా". కొత్తచెరువులో ఒక మంగలి పాత బస్సు సీట్లతో షాపు పెట్టి, క్షవరం అయిపోగానే గంట తాడు లాగి "రైట్ రైట్" అంటాడు. ఆ ఫోటో పేజీలో పెట్టింది. గుమ్మఘట్టలో ఒకాయన మిద్దె మీద నీళ్ల ట్యాంకును విమానంలా కట్టించుకుని, ఒక రెక్క మీద తెలుగులో, ఇంకో రెక్క మీద కన్నడంలో తన పేరే రాయించుకున్నాడు. అదీ పెట్టింది. చూసినవాళ్లు నవ్వుకునేవారు, పోయేవారు.

ఒకసారి గుమ్మఘట్టలోనే సైకిలు చక్రాలతో చేసిన గేటు ఫోటో పెట్టింది. ఎవరూ గేటు గురించి మాట్లాడలేదు. "పైన ఆ ముఖం ఏంటి? ఎక్కడ దొరుకుతుంది?" అని వందల మంది అడిగారు. గేటు పైన ఎర్రిస్వామి గీసిన బొమ్మ ఉంది. ఆ రోజు ఆ ఇంటివాళ్ల బర్రెకు జబ్బు చేసి ఉండటంతో నాలుక లోపలికి పోయి, నోరు తెరుచుకుని, కళ్లు మిటకరించి ఉంది. నిఖిత నిర్ఘాంతపోయింది. వింతల కోసం ఎండలో పడి ఇన్ని ఊళ్లు తిరిగింది గానీ, ఇంట్లో పుట్టినప్పటి నుంచీ చూస్తున్న రేకు ముఖం ఒక వింత అని ఆమెకు ఒక్కనాడూ తోచలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అనలేదు మరి.

ఆర్డర్లు వచ్చాయి. అరవై మూడు.

"పట్నంలో వాళ్లకూ దిష్టి తగుల్తాదన్నమాట" అని ఎర్రిస్వామి తెగ సంబరపడ్డాడు. లోపలి గదిలో కూర్చుని రెండు నెలలు పగలంతా గీశాడు. మొదటి బొమ్మ బెంగళూరులో కాఫీ హోటల్ నడిపే రాఘవేంద్రకు పోయింది. చుక్కలు ఎలా పెట్టుకోవాలో నిఖిత చీటీ రాసి పెట్టెలో పెట్టింది కూడా. చీటీ ఎవరు చదువుతారు? వారం తిరక్కుండా పెట్టె వెనక్కి వచ్చింది. పైన "కళ్లు ప్రింటు కాలేదు" అని రాసి ఉంది.

ఆ మాట తండ్రి కంట పడితే ఎంత బాధపడతాడో నిఖితకు తెలుసు. అన్నీ ఇలాగే తిరిగొస్తే ఆయన మళ్లీ కుంచె పట్టడు. ఎర్రిస్వామి ఒక గృహప్రవేశానికని గుమ్మఘట్ట పోయిన రోజు, ఆమె ఆముదం దీపం వెలిగించి పైన మూకుడు బోర్లించింది. పట్టిన మసిని వేలికి రాసుకుని అరవై మూడు బొమ్మలకూ చుక్కలు పెట్టేసింది. చుక్క ఎవరు పెడితేనేం, చుక్కే కదా అనుకుంది. పెట్టెలు కట్టి మర్నాడే పంపేసింది.

పది రోజులకు రాఘవేంద్ర ఫోన్ చేశాడు. "మేడం, మీ బొమ్మ నేరుగా నిలబడేదిల్ల. కౌంటర్ వైపు పెడితే పొద్దునకు ఉత్తరం గోడ వైపు తిరిగి ఉంటుంది. మేకు సరిగ్గా లేదా?"

హైదరాబాదు నుంచి రేఖ అనే టీచరమ్మ రాసింది. "వీధి వైపు చూసేలా పెట్టానండీ. తెల్లారేసరికి దక్షిణానికి తిరిగి గోడకు ముక్కు ఆనించి ఉంది. రెండు స్టార్లు ఇచ్చాను, ఏమీ అనుకోకండి." విశాఖపట్నంలో బొమ్మ పడమటికి తిరిగిందట. నిఖిత ఫోన్‌లో మ్యాపు తెరిచి ఒక్కో ఊరి నుంచీ వేలితో గీత గీసింది. గీతలన్నీ వచ్చి ఒక్క చోటే కలిశాయి. ఆమె వేలు కుందుర్పి మీద ఆగిపోయింది. ఈ ఇంటి ఆడమనిషి తనే. వేలు తనది. అరవై మూడు బొమ్మలూ తన గడపను చూస్తున్నాయి.

దాచి లాభం లేదని మధ్యాహ్నం అన్నం దగ్గర చెప్పేసింది. ఎర్రిస్వామి చేతిలో సంగటి ముద్ద నోటి దాకా పోయి ఆగింది.

"చుక్కలు నువ్వు పెట్టినావా?"

"పెట్టినా నాయనా. కళ్లు లేవని వాపసు పంపుతాంటే ఏం చేయల్ల?"

"పంపితే పంపనీ. ఇప్పుడు ఆ ఇండ్లను ఎవరు చూస్తారు? వాళ్ల గోడకు వేలాడుకుంటా మన గడపను చూస్తాండాయి అవి. కాపలా ఉండాదనుకుని వాళ్లు నిమ్మళంగా పండుకుంటాండారు. ఇది మోసం కాదా?"

"నేను కావాలని చేయలేదు కదా."

"కావాలని చేయలేదు. చేసినావు. అన్నీ వెనక్కి తెప్పించు. అవి వచ్చేదాకా నేను కుంచె పట్టను." ముద్దను కంచంలో పెట్టి లేచాడు.

మాట్లాడనని ఆయన చెప్పలేదు. అయినా ఆ రోజు నుంచి మాట్లాడలేదు. అన్నం పెడితే తింటాడు, ఫోన్ చేస్తే ఎత్తడు, ఎదురుపడితే గోడను చూస్తాడు. నిఖితకు ఏడుపు వచ్చేది. అందరికీ రాసింది, బతిమాలింది. తీరా అడిగితే ఎవరూ ఇస్తామనలేదు. "బేడ మేడం, వాపస్ ఇవ్వను. జనం దాని పక్కన నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. ఇంకా దుడ్లు కావాలంటే అడగండి" అన్నాడు రాఘవేంద్ర. అలవాటైపోయిందండీ, ఇప్పుడది లేకపోతే గోడ బోసిగా ఉంటుంది అంది రేఖ. మూడంటే మూడు తిరిగొచ్చాయి. ఎర్రిస్వామి వాటి కళ్లలో చుక్కలను టర్పెంటైన్ గుడ్డతో తుడిచేసి, లోపలి గదిలో గోడకు ఆనించి పెట్టాడు.

ఇంతలో వాన పట్టుకుంది. ఎక్కడో సముద్రంలో తుపాను లేస్తే దాని కొస ఇక్కడికి తగిలింది. నాలుగు రోజులు విడవకుండా కురిసింది. కుందుర్పిలో వానను తిట్టేవాడు లేడు. అరుగుల మీద కూర్చుని, పండగకు వచ్చిన అల్లుడిని చూసినట్టు దాన్ని చూస్తూ ఉన్నారు. ఎర్రిస్వామిది పాత మట్టిమిద్దె. దూలాల మీద కట్టెలు పరిచి, పైన మూరెడు మందాన చౌడుమట్టి పోసినది. రెండో రోజుకే లోపలి గది కారడం మొదలైంది. నిఖిత కింద బిందె పెట్టింది. పక్కింటి ఓబులేష్ వచ్చి, "ఏమప్పా, మట్టి నాని బరువెక్కుతాది, చూసుకో" అన్నాడు. "కారనీలే, వానే కదా" అన్నాడు ఎర్రిస్వామి. ఓబులేష్‌తో మాట్లాడతాడు, కూతురితోనే మాట్లాడడు.

నాలుగో రోజు మధ్యాహ్నం మూడు గంటలకు నిఖిత షాపులో ఎవరిదో ఆధార్ కార్డు జిరాక్సు తీస్తోంది. ఫోన్ మోగింది. రాఘవేంద్ర ఫోటో పంపాడు. "మేడం, నాలుక ఎక్కడ పోయింది? రంగు వెలిసిందా?"

బొమ్మ నోరు బార్లా తెరిచి ఉంది. నాలుక లేదు. కళ్లు గుడ్లు బయటికి వచ్చేటంతగా మిటకరించి ఉన్నాయి.

ఆమె ఇంకా దాన్ని చూస్తూండగానే రేఖ నుంచి ఒకటి వచ్చింది. తర్వాత విశాఖపట్నం. తర్వాత మైసూరు, గుంటూరు, పుణె. వరుసగా వస్తూనే ఉన్నాయి. ఒకరి వంటింటి గోడ, ఒకరి ఆఫీసు మెట్లు, ఒకరి పిల్లల గది. గోడలు వేరు, ముఖం ఒకటే. ఎవరో చెప్పరాని సంగతి చెప్పినట్టు అన్నీ ఒక్కసారే నోళ్లు తెరిచాయి. ఎన్నడూ చూడని ఊళ్ల నుంచి తన తండ్రి గీసిన ముఖాలు తనను చూసి అదిరిపోతున్నాయి. నిఖిత తల ఎత్తి వీధి అవతల ఎరువుల అంగడి వైపు చూసింది. అక్కడి బొమ్మ నాలుక వేలాడేసుకుని హాయిగా ఉంది. దాని పక్క ఇంటిదీ అంతే. ఊరికి ఏ కీడూ లేదు. కీడు తమ ఇంటికే.

ఫోన్ చేసింది. తండ్రి ఎత్తలేదు. ఎప్పటి నుంచో ఎత్తడం లేదు కదా. జిరాక్సు మిషను మూత తెరిచే వదిలేసి, చెప్పులు కూడా లేకుండా వానలో పరిగెత్తింది.

ఎర్రిస్వామి లోపలి గదిలో, కారే చోటుకి కాస్త ఎడంగా చాప వేసుకుని పడుకుని ఉన్నాడు. "నాయనా, లెయ్యి, బయటికి రా" అంది. ఆయన అటు తిరిగి పడుకున్నాడు. ఆమె ఇంకేం చెప్పలేక ఫోన్‌ను ఆయన ముఖం ముందు పెట్టి వేలితో జరుపుతూ పోయింది. ఒకటి, రెండు, మూడు. తను గీసిన ముఖాలు ఆయనకు తెలియవా? నాలుగో ఫోటోకే లేచి కూర్చున్నాడు. తల ఎత్తి పైకి చూశాడు. దూలం మధ్యలో నెర్రె విచ్చి ఉంది.

గడప దాకా వచ్చి, మళ్లీ వెనక్కి తిరిగాడు. "ఆ మూడు బొమ్మలు..."

"అవి పోతే పోనీ!" నిఖిత ఆయన చెయ్యి రెండు చేతులా పట్టి ఈడ్చింది. ఇద్దరూ వాకిట్లో బురదలో పడ్డారు. వెనక మిద్దె దబ్బుమని కూలి నేల అదిరింది. చాప, బిందె, రంగు డబ్బాలు, మూరెడు మట్టి, అన్నీ ఒకటైపోయాయి. వంటింటి గోడ మాత్రం నిలబడింది. కప్పు లేని ఇంట్లోకి వాన పడుతోంది.

ఎర్రిస్వామి తను పడుకున్న చోటునే చూస్తూ ఉన్నాడు. అక్కడ ఇప్పుడు మనిషెత్తు మట్టి ఉంది. ఆయన చెయ్యి ఇంకా నిఖిత చేతిలోనే ఉంది. ఓబులేష్ పార తీసుకుని వచ్చాడు. ఇంకొందరు వచ్చారు. వాన కాస్త తెరిపిచ్చాక తవ్వితే మూడు బొమ్మలూ బయటపడ్డాయి. తెల్లటి కళ్లతో, పొడుగాటి నాలుకలతో, ఏమీ ఎరగనట్టే ఉన్నాయి. అవి ఆ గదిలోనే, ఆయన తల పక్కనే ఉన్నాయి.

ఎర్రిస్వామి ఒక బొమ్మను తువ్వాలుతో తుడిచాడు. "ఇంకా ఎన్ని రావాల్సి ఉండాది?" అని అడిగాడు. పదహారు రోజుల తర్వాత కూతురితో అన్న మొదటి మాట అది.

"అరవై నాయనా."

"వాపసు వద్దని రాయి. యాడున్నవి ఆడనే ఉండనీ. వాళ్లకు వేరేవి గీసిస్తా. ఈసారి చుక్కలు వాళ్లనే పెట్టుకోమను. చీటీ చదవకపోతే ఫోన్ చేసి చెప్పు." బొమ్మ మీసాల మీది మట్టి గోటితో గీకాడు. "గీసేటోడు తనకోసం దాచుకోకూడదని మా నాయన చెప్పిన కట్టు ఒకటి ఉండాది. ఉండనీ. ఆయన నెత్తిన మిద్దె పడలేదు."

బొమ్మను రెండు చేతులా పట్టుకుని ఆమె ముందుకు చాచాడు. "పెట్టు."

ఆముదం దీపం ఎక్కడుంది? నిఖిత వంటింటి గోడకు పట్టిన పాత పొగమసిని వేలితో గీరింది. అమ్మ వండిన రోజుల నాటి మసి. తడికి వేలికి బాగా అంటింది. ఎడమ కంట్లో ఒక చుక్క, కుడి కంట్లో ఒక చుక్క పెట్టింది.

బొమ్మ కళ్లు తెరిచి చూసింది. ఎదురుగా కూలిన మిద్దె, మట్టి, ఆ మట్టి కింద చాప కొస. దాని నాలుక సర్రున లోపలికి పోయింది. నోరు బార్లా తెరుచుకుంది. మీసాలు కూడా నిక్కబొడుచుకున్నాయి.

ఎర్రిస్వామి దాన్ని కాసేపు చూశాడు. ముందు కళ్లలో నీళ్లు తిరిగాయి, తర్వాత నవ్వు వచ్చింది. "ఇప్పుడు అదిరిపోతే ఏం లాభమప్పా? అయిపోయింది లే. మేం బయటే ఉండాము" అన్నాడు బొమ్మతో.

అది నమ్మలేదు. ఆయన దాన్ని ఇద్దరి వైపూ తిప్పి, ఒకసారి కూతురి ముఖం, ఒకసారి తన ముఖం చూపించాడు. అప్పుడు నాలుక కొస మెల్లగా బయటికి వచ్చింది.