తోక డ్యూటీ

మా పరుగు గుంపులో ఒక నియమం ఉంది. వెనక ఎవరూ ఒంటరిగా మిగిలిపోకూడదు. అందుకని ప్రతి ఆదివారం ఒకరు అందరికన్నా వెనక పరిగెత్తాలి. ఆ రోజు అందరిలోకీ నెమ్మదిగా పరిగెత్తేది ఎవరో చూసుకుని, వాళ్ళ వెనకాలే, వాళ్ళు నడిస్తే నడుస్తూ, ఆగితే ఆగుతూ రావాలి. దానికి తోక డ్యూటీ అని పేరు. తోక వచ్చిందంటే అందరూ వచ్చేసినట్టే. అప్పుడు గుంపును నడిపే మాస్టారు పొడుగ్గా ఒక విజిల్ వేస్తారు. ముందే వచ్చి చెమట ఆరబెట్టుకుంటున్న వాళ్ళు చప్పట్లు కొట్టి, వ్యానెక్కి, టీకి బయల్దేరతారు. ఆ వ్యాను తలుపు ఒక పట్టాన పడదు. కాస్త పైకెత్తి లాగాలి. ఆ కిటుకు నాకొక్కదానికే తెలుసు. ఎప్పుడూ ఆఖరున ఎక్కేదాన్ని నేనే కాబట్టి.

తోక డ్యూటీ వంతులవారీగా రావాలి. వచ్చేది మాత్రం నాకే. ఎందుకలా అని ఒకసారి మాస్టారిని అడిగాను. ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారు. మెడలో విజిల్ లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు, స్నానానికి కూడా తీస్తారో లేదో అని మా చెల్లెలు అంటుంది. గబగబా పరిగెత్తడం ఎవరైనా చేస్తారనీ, నెమ్మదిగా పరిగెత్తడానికి ఓర్పు కావాలనీ, అది ఈ గుంపులో నాకొక్కదానికే ఉందనీ ఆయన సెలవిచ్చారు. మునగచెట్టు ఎక్కించడమంటే అదే. నేనూ ఎక్కాను. ఎక్కి రెండేళ్ళపాటు అక్కడే కూర్చున్నాను.

నేను కళ్ళజోళ్ళ దుకాణంలో వెనక గదిలో పనిచేస్తాను. ముందు గదిలో వాళ్ళు మనుషుల మొహాలకు ఫ్రేములు పెట్టి బాగుందంటారు. వెనక గదిలో నేను చక్రం మీద అద్దం అంచు అరగదీసి, ఆ ఫ్రేములో పట్టేలా చేస్తాను. రోజంతా నిలబడే పని. కాళ్ళు పట్టేస్తున్నాయని మూలుగుతుంటే మా చెల్లెలే నన్ను ఈ గుంపులో చేర్పించింది. గుంపులోని ఆడవాళ్ళలో దాన్ని మించి పరిగెత్తేవాళ్ళు లేరు. దాని పతకాలు పడకగది కర్టెన్ కడ్డీకి వేలాడుతుంటాయి, కర్టెన్ లాగితే గలగలమంటాయి.

నాకు పతకం లేదు. పోయినేడు మారథాన్‌లో కూడా నన్ను తోకగానే పెట్టారు. ఆ రోజు నా ముందు పరిగెత్తిన బ్యాంకు పెద్దాయన సగం దారిలో చేతులెత్తేసి రోడ్డు పక్కన కూర్చున్నాడు. పరుగు వెనకాల నెమ్మదిగా ఒక బస్సు వస్తుంది, గడువులోపు చేరలేని వాళ్ళను ఎక్కించుకోవడానికి. పెద్దాయన అందులో ఎక్కాడు. నియమం ప్రకారం నేనూ ఎక్కాను. నాకు కాళ్ళు నొప్పి లేదు, ఆయాసం లేదు, కిటికీ పక్క సీట్లో చేతులు కట్టుకుని కూర్చుని మారథాన్ ముగించాను. దిగాక మా చెల్లెలు మోకాళ్ళకు ఐసు రుద్దుకుంటూ, “నువ్వు చాలా మంచిదానివక్కా,” అంది. అప్పట్నుంచి నన్నెవరైనా మంచిదాన్నంటే ఒళ్ళు మండిపోతుంది.

అందుకే ఈ ఏడు అందరి ముందూ తేల్చి చెప్పాను. ఆదివారాలు తోకగా ఉంటాను, పందెం రోజు మాత్రం నాది. గడువులోపు చేరిన అందరికీ ఇచ్చే పతకం నేనూ తెచ్చుకోవాలి. మాస్టారు ఒప్పుకున్నారు. పందెం రోజు తోక ఉండదు, ఎవరి పరుగు వాళ్ళదే అన్నారు. ఆ సాయంత్రమే మా ఆయన ముందు గది గోడకు మేకు కొట్టి, చోటు సిద్ధం, సరుకు రావడమే ఆలస్యం అని నవ్వారు. రోజూ బూట్లు కట్టుకునేటప్పుడు ఆ మేకు వంకే చూసేదాన్ని.

ఈసారి ఆదివారాలు నా ముందు పరిగెత్తింది పళ్ళ డాక్టరమ్మ. నాకన్నా పెద్దది, భారీ మనిషి. ఆవిడ దగ్గరికి వచ్చేవాళ్ళంతా నోళ్ళు తెరుచుకుని పడుకునేవాళ్ళే, మారు మాట్లాడలేరు. అందుకని ఎవరూ జవాబు చెప్పకపోయినా గంటలకొద్దీ మాట్లాడటం ఆవిడకు అలవాటు. ఊపిరి ఆడనప్పుడు కూడా మాట్లాడేది. కోడలు ఫ్రిజ్‌లో ఏది ఏ అరలో పెడుతుందో, ఎందుకలా పెట్టకూడదో నాకు మొత్తం తెలుసు. ఆ కబుర్ల మధ్యే నేను ఆవిడకు అడుగు కురచగా వెయ్యడం, భుజాలు వదులు చెయ్యడం, ఎత్తు ఎక్కేటప్పుడు తొందరపడకపోవడం నేర్పాను. మొదట్లో సగం నడక, సగం పరుగు. చివరికొచ్చేసరికి ఎక్కడా ఆగకుండా ఒకటే వేగంతో వచ్చేది. ఆవిడ ఎంత మారిందో చూడండని మాస్టారు మురిసిపోయారు. చప్పట్లు మోగాయి. ఆ వేగం ఎవరు పెట్టారని ఒక్కరూ వెనక్కి చూడలేదు. నాకు సంతోషం వేసిన మాట నిజం. కడుపు మండిన మాటా నిజమే.

వారం మధ్యలో ఒక పొద్దున వేగం ప్రాక్టీసు ఉంటుంది. ఆ వేళకు నేను ఇంట్లో క్యారేజీలు సర్దుతుంటాను. నాకు దొరికేవి ఆదివారాలే, అవన్నీ డాక్టరమ్మకే పోయాయి. పందెం దగ్గర పడుతుంటే, కొన్ని ఆదివారాలైనా నా వేగంతో నన్ను వదలండని అడిగాను. ఇప్పుడు వదిలేస్తే ఆవిడ డీలా పడిపోతుందన్నారు మాస్టారు. వ్యానులో మా చెల్లెలు నా చెయ్యి పట్టుకుని, “ఈ ఒక్క నెల సర్దుకో అక్కా. ఆవిడకి నువ్వుంటేనే ధైర్యం,” అంది. సర్దుకున్నాను. నాకు వచ్చిన విద్య అదొక్కటే.

పందెం రోజు తెల్లవారుతుండగా అందరం పరుగు మొదలయ్యే గీత దగ్గరికి చేరాం. నేను వెళ్ళి మా చెల్లెలి పక్కన, వేగంగా పరిగెత్తేవాళ్ళ మధ్య నిలబడ్డాను. అది నా బూట్ల వంక చూసి, వెనక నిలబడవా అని అడిగింది. ఇవాళ నీతోనే అన్నాను. నవ్వి భుజం తట్టింది.

ఆ మొదటి గంట గురించి ఎవరికీ చెప్పలేదు, చెప్పినా అర్థం కాదు. నేను కనిపెట్టుకుని పోవాల్సిన వీపేదీ నా ముందు లేదు. గాలి నేరుగా మొహానికి తగిలింది. మూసిన దుకాణాల షట్టర్లు, బాల్కనీల్లో పళ్ళు తోముకుంటున్న మనుషులు, అన్నీ జోరుగా వెనక్కి పోతున్నాయి. రోడ్డు పక్కన నిలబడ్డ ఎవరో ముసలావిడ నన్ను చూసి చెయ్యి ఊపింది. నన్నే. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతో.

సగం దారిలో, వంతెన దిగాక, కాలి పిక్క బిగుసుకుపోయింది. రెండేళ్ళుగా నెమ్మదితనం తప్ప ఏమీ ఎరగని కాళ్ళు ఒక్కరోజులో మాట వింటాయా? మా చెల్లెలు ఒకసారి వెనక్కి తిరిగి చెయ్యెత్తింది. పరవాలేదు పో అన్నట్టు నేనూ చెయ్యి ఊపాను. అది పోయింది. నేను దీపస్తంభం పట్టుకుని పిక్క రుద్దుకుంటూ నిలబడ్డాను. ఒక్కొక్కరే నన్ను దాటిపోయారు.

చాలాసేపటికి డాక్టరమ్మ వచ్చింది. కురచ అడుగులు, వదులు భుజాలు, నేను పెట్టిన వేగం. నన్ను చూసి ఆగకుండానే, “ఏంటమ్మాయ్, ఇక్కడున్నావు? రా, నా వెనక వచ్చేయ్. ఇలాగే పోతే ఇద్దరం హాయిగా చేరిపోతాం,” అంది.

అది నిజం. ఆ వేగంతో పోతే గడువులోపు చేరతారని నాకన్నా బాగా ఎవరికి తెలుసు? ఆవిడ వెనకాల అడుగులో అడుగేసుకుంటూ పోయి ఉంటే ఈ కథ ఉండేది కాదు. కానీ ‘నా వెనక’ అన్న మాట వినగానే అరికాలి మంట నెత్తికెక్కింది.

“మీరు పదండి డాక్టరమ్మా. ఇవాళ నేనెవరి వెనకా రాను,” అన్నాను.

వేళాకోళం అనుకున్నట్టుంది. నవ్వుతూ ముందుకు పోయింది.

నొప్పి కాస్త సర్దుకున్నాక మళ్ళీ మొదలుపెట్టాను. జోరు పెంచితే పిక్క లాగేసింది. తగ్గించాను. కొంతదూరం పోయాక ఊపిరి కుదురుకుంది, అడుగు కుదురుకుంది, హమ్మయ్య గాడిలో పడ్డాననుకున్నాను. అప్పుడు చూశాను, నా ముందు పసుపు టోపీ పెట్టుకున్న ఒక మనిషి కుంటుకుంటూ పోతున్నాడు. అతనెవరో నాకు తెలియదు. అతను నడిచినప్పుడల్లా నేను నడుస్తున్నాను. అతను పరుగెత్తితే పరుగెత్తుతున్నాను. నీళ్ళ కోసం అతను ఆగితే, దాహం లేకపోయినా ఆగాను. సిగ్గేసింది. పట్టుబట్టి అతన్ని దాటాను. ఏదో ఆలోచనలో పడి తలెత్తి చూసేసరికి పసుపు టోపీ మళ్ళీ నా ముందే ఉంది. ఇంకోసారి దాటాను. మళ్ళీ అంతే. దుకాణంలో నేను అద్దానికి ఏం చేస్తానో, ఆదివారాలు నాకు అదే చేశాయి. ఇంకొకరి ఫ్రేముకు సరిపడా అరిగిపోయాను, అరిగింది మళ్ళీ పెరగదు.

వెనక నుంచి ఇంజను చప్పుడు వినిపించింది. పసుపు టోపీ చెయ్యెత్తి బస్సు ఆపి ఎక్కేశాడు. మెట్టు మీద నిలబడ్డ అమ్మాయి, గడువు ఇక అందదు, మీరూ ఎక్కండాంటీ అని మర్యాదగానే పిలిచింది. కిటికీలోంచి ఖాళీ సీటు కనిపించింది. పోయినేడు కూర్చున్నది అలాంటిదే. తల అడ్డంగా ఊపాను. బస్సు నన్ను దాటిపోయింది. ఆ తర్వాత నా వెనక ఎవరూ లేరు. పందెం కోసం ఆపిన రోడ్డు తెరిచేశారు, కార్లు వచ్చాయి. పేవ్‌మెంటు మీదకు ఎక్కి, బ్రెడ్డు కొనుక్కుని ఇళ్ళకు పోతున్న వాళ్ళను తప్పుకుంటూ పరిగెత్తాను.

నేను చేరేసరికి గాలి తీసేసిన ఆర్చి నేలమీద కుప్పగా పడి ఉంది. ఇద్దరు మనుషులు ముగింపు గీత మీద పరిచిన చాప చుడుతున్నారు. “కాస్త పక్కనుంచి వెళ్ళండమ్మా,” అన్నాడు ఒకడు. పక్కనుంచి వెళ్ళాను. నా మారథాన్ అలా ముగిసింది, గీత పక్కన.

మా వాళ్ళ కోసం చూశాను. వ్యాను ఆగిన చోట నలిగిన కప్పులు తప్ప ఏమీ లేవు. నా సంచి, ఫోను అందులోనే ఉన్నాయి. వాచ్‌మన్‌ను బతిమాలి అతని ఫోను తీసుకుని మా చెల్లెలికి చేశాను.

“ఎక్కడున్నావక్కా? చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళావనుకున్నాం,” అంది. వెనకాల హోటల్లో గిన్నెల చప్పుడు, నవ్వులు.

“ఇప్పుడే వచ్చాను.”

“ఎక్కడికి?”

“గీత దగ్గరికి.”

గిన్నెల చప్పుడు దూరమైంది. తర్వాత చిన్న గొంతుతో, “అదేంటక్కా, డాక్టరమ్మ వచ్చేసింది కదా. మాస్టారు విజిల్ కూడా వేసేశారు,” అంది.

వచ్చారు. అందరూ వ్యానులోంచి బిలబిలా దిగారు. నువ్వు నా వెనకాలే ఉంటావనుకున్నాను, ఎప్పుడూ ఉంటావు కదా అని డాక్టరమ్మ ఏడ్చేసింది. తన పతకం తీసి నా మెడలో వేసి, ఇది నీదే అంది. నేను తీసి ఆవిడ చేతిలో పెట్టాను. మీరు పరిగెత్తారు, మీ దగ్గరే ఉండనీండి అన్నాను. కటువుగా అందామనుకున్న మాట నా పాడు అలవాటు కొద్దీ మెత్తగా వచ్చింది. అంతా అయ్యో అయ్యో అంటున్నారు. మాస్టారికి ఏం చెయ్యాలో తోచలేదు. తోచక, విజిల్ నోట్లో పెట్టుకుని నా కోసం పొడుగ్గా ఊదారు. అందరూ చప్పట్లు కొట్టారు. ప్రతి ఆదివారం కొట్టే చప్పట్లే. వాళ్ళందరినీ ఆ క్షణంలో అసహ్యించుకున్నాను, నా చెల్లెలితో సహా.

అందరికన్నా ముందు వెళ్ళి వ్యానెక్కాను. ముందు వరసలో కిటికీ పక్క కూర్చున్నాను. ఒక్కొక్కరే నన్ను రాసుకుంటూ లోపలికి పోయి సర్దుకున్నారు. ఆఖరున డాక్టరమ్మ ఎక్కింది. డ్రైవరు బండి స్టార్ట్ చేశాడు.

“తలుపూ,” అన్నారు మాస్టారు, వెనక్కి తిరగకుండా, ప్రతి ఆదివారం అన్నట్టే.

డాక్టరమ్మ ఒంగి లాగింది. తలుపు కదల్లేదు. ఇంకెవరో లేచి లాగారు. సగం వచ్చి ఆగిపోయింది. ఇంకొంచెం పైకెత్తాలి.

“అక్కా,” అంది మా చెల్లెలు మెల్లగా, “అది నీకే పడుతుంది.”

ఇంజను ఆడుతూనే ఉంది. బయట చాప చుట్టడం అయిపోయినట్టుంది, దాన్ని ఇద్దరూ భుజాలకెత్తుకున్నారు. అందరూ నా వంకే చూస్తున్నారని తెలుసు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. లేవలేదు.