తొలి వాన నీళ్లు

అక్షరాలు పెద్దతనంలో నేర్చుకున్నాను. ఒత్తులు తప్పితే మన్నించండి. ఈ కాస్త రాయడానికే పదకొండు రోజులు పట్టింది.

కోహీర్ దగ్గరి ఒక ఊళ్లో దేవమ్మ ఇంటి బోరు ఉగాదికే ఎండిపోయింది. అప్పటి నుంచి ట్యాంకరు నీళ్లే. స్లాబు మీది వాన నీళ్లు గొట్టం గుండా పెరటి హౌజులోకి దిగేట్టు ఆమె పెనిమిటి బతికుండగా ఏర్పాటు చేశాడు. తొలి వానకు మాత్రం గొట్టం మూతి బయటికి తిప్పేవాడు. ముందు స్లాబు కడుక్కుపోవాలి, రెండో వాన నుంచే మనవి అనేవాడు.

ఈసారి మృగశిర ఇంకా రాకముందే ఒక మధ్యాహ్నం వాన కుమ్మరించింది. దేవమ్మ తడుస్తూ వెళ్లి గొట్టాన్ని హౌజులోకే పెట్టింది. అంత ధారను మట్టిపాలు చేయడానికి ఆమెకు చేతులు రాలేదు. గంటలో హౌజు సగానికి పైగా నిండింది. గోడ మీదుగా పొరుగింటి సావిత్రమ్మను పిలిచి, "పొద్దుగాల బిందెలు తెచ్చుకో. ఇంక ఫికర్ లేదు" అంది.

తెల్లారి మూత తీయగానే మందు వాసన ముక్కుకు కొట్టింది.

మొన్నటి దాకా ఆ స్లాబు మీదే అల్లం విత్తనం ఉంది. కుళ్లిపోకుండా మందు నీళ్లలో ముంచి, పైన పాత చీరలు కట్టి, ఆ నీడన ఆరబెట్టింది దేవమ్మే. విత్తనం చేనుకు పోయింది. కారిన మందు స్లాబుకే అంటుకుని ఉండిపోయింది.

కోడలు సుష్మ గిన్నె పట్టుకుని వచ్చింది. ఎనిమిది నెలల పాపకు జావ కాయాలి.

"అత్తమ్మా, జర జరుగు. ముంచుకుంట."

"ఆగు బిడ్డా." దేవమ్మ మూత వేసి దాని మీదే కూర్చుంది.

అంతలో సావిత్రమ్మ రెండు బిందెలతో దిగింది. "ఏందక్కా, మూత మీద కూసున్నవ్? రమ్మన్నది నువ్వే, కావలి కూసున్నది నువ్వేనా?"

దేవమ్మకు అబద్ధం నోటిదాకా వచ్చింది. హౌజులో పిల్లి పడి చచ్చిందంటే అందరూ అయ్యో అంటారు. కానీ అలా అంటే సావిత్రమ్మ ఆ నీళ్లను బర్రెకైనా పెడుతుంది.

"నీళ్లల్ల అల్లం మందు కలిసింది. తప్పు నాదే. స్లాబు కడగకముందే గొట్టం పెట్టిన."

"కాగబెడితె పోదా?"

"మందు కాగబెడితె పోతదా, సావిత్రీ?"

"ఇన్నేండ్లు అల్లం పెట్టినవ్, గింత సోయి లేకపాయె!" అని సావిత్రమ్మ ఖాళీ బిందెలు చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

సుష్మ గిన్నె పక్కన పెట్టి బకెట్ అందుకుంది. తిట్టినా బాగుండు అనిపించింది దేవమ్మకు. ఇద్దరూ కొంగులు బిగించి, మధ్యాహ్నం దాకా బకెట్లతో తోడి, ఇంటి వెనక చేనులో అల్లం మడులకు పోశారు. హౌజు అడుగు కడగడానికి నీళ్లు లేవు. దేవమ్మ లోపలికి దిగి గుడ్డతో తుడిచింది.

సాయంత్రం ట్యాంకరు వచ్చింది. దేవమ్మ బిందెతో అందరి వెనక నిలబడింది. ముందు నుంచి సావిత్రమ్మ తిరిగి చూసింది.

"పాప ఏడుస్తున్నది వినొస్తలేదా? ఇటు రా, నా ముందట నిలబడు."

దేవమ్మ తల దించుకుని ముందుకు నడిచింది.

మాణికమ్మ, అరవై నాలుగేళ్లు. ఇప్పుడు జహీరాబాద్‌లో కూతురి దగ్గర ఉంటున్నాను.