వెనక చీల్చిన కోటు

షట్టరు సగం ఎత్తి, దాని కింద నడుం వంచి లోపలికి దూరి, స్టూడియో బాబాయి ముందుగా కోటు దులిపాడు. లైట్లు, గొడుగులు, తెల్లతెర, కెమెరా అన్నీ ఆ తర్వాతే. నల్లకోటు అది. చంకల దగ్గర గోధుమరంగుకు తిరిగింది గాని, ఎదురుగా చూస్తే పెళ్ళికొడుకు కోటులాగే ఉంటుంది. వెనక్కి తిప్పితే మాత్రం మెడ నుంచి అంచుదాకా నిలువునా చీలి ఉంటుంది. చిరిగింది కాదు, ఆయనే కత్తెర పట్టుకుని చీల్చాడు. సన్నవాడొస్తే వెనక బట్టల క్లిప్పులు పెట్టి బిగిస్తాడు. లావుపాటివాడొస్తే రెండు రెక్కలూ వదిలేస్తాడు. ఫోటోకి వీపు ఉండదని ఆయన ధీమా. ఉద్యోగానికో, లైసెన్సుకో, పెళ్ళిచూపులకో ఆ వీధిలో సగంమంది మగవాళ్ళు ఏదో ఒకనాడు ఆ కోటులో దూరినవాళ్ళే.

వీధి మొత్తానికి ఆయన బాబాయే. తనకన్నా పెద్దవాడైన పక్క మందుల షాపాయన కూడా బాబాయ్ అనే పిలుస్తాడు. సన్నగా, పొడుగ్గా, కాస్త ముందుకు వంగి ఉంటాడు. కెమెరాలోంచి చూసీ చూసీ ఎడమకన్ను ఎప్పుడూ సగం మూసే ఉంటుంది. "గడ్డం కాస్త కిందికి", "ఊపిరి బిగబట్టొద్దు", "అయిపోయింది" అనేవి తప్ప రోజులో ఆయన నోట వేరే మాటలు తక్కువ. ఇంట్లోనూ అంతే. మాట భార్యది, తలూపడం ఆయనది. కాపురం సాఫీగా సాగడానికి ఆ పంపకం బాగానే పనికొచ్చింది.

ఫోన్లొచ్చాక ఊళ్ళో స్టూడియోలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఈయనది మిగిలిందంటే ఎదురుగా ఉన్న పెద్దాసుపత్రి చలవే. రోగుల వెంట దూరాల నుంచి మనుషులొస్తారు. వాళ్ళ కోసం చుట్టుపక్కల వీధులవాళ్ళు మేడమీద గదులూ వెనక గదులూ ఫోనులో పెట్టి అద్దెకిస్తున్నారు. గది కావాలన్నవాళ్ళు తమ ఫోటో పెట్టి అడగాలి, ఇంటివాళ్ళు దాన్ని చూసి సరే అనాలి. పూర్వం ఇంటిని చూసి ఇల్లాలిని చూడమనేవారు. ఇప్పుడు ఇల్లాలే మనిషి ముఖం చూసి ఇల్లు చూపిస్తోంది. అలా బాబాయికి కొత్త గిరాకీ పుట్టింది. దానికి 'గది ఫోటో' అని పేరు కూడా పడింది.

గది ఫోటోకి కోటు ఉండాలి. గడ్డం ఉండకూడదు. పళ్ళు కనపడీ కనపడకుండా నవ్వాలి. రంగు సంగతి కంప్యూటరు చూసుకుంటుంది. ఎవరొచ్చినా, అడిగినా అడక్కపోయినా, ముఖానికి రెండు పాళ్ళు తెలుపు పట్టించడం ఆయనకు అలవాటు. కూరలో ఉప్పు వేసినట్టు చెయ్యి దానంతటదే వేసేస్తుంది. ఇందులో తప్పుందని ఆయనకెప్పుడూ తోచలేదు. ముఖం చూసి బొట్టు పెట్టే లోకంలో ఆ ముఖమేదో కాస్త బాగుచేసి పంపితే పోయేదేముందని అనుకునేవాడు.

ఆ ఉదయం మొదటి బేరం ఒక ముసలమ్మ. తను పోయాక గోడకి తగిలించడానికి ఫోటో కావాలంది.

"మావాళ్ళకి వదిలేస్తే ఏ గుంపులోంచో కత్తిరిస్తారు నాయనా, సగం చెవి పోతుంది," అంది. లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "నన్ను తెల్లగా చెయ్యకు. ముందెళ్ళిన మా ఆయన గుర్తుపట్టడు," అంది.

బాబాయి సరేనని తలూపాడు. ఆ మాటకి కాసేపు తనలో తాను నవ్వుకున్నాడు కూడా.

ఎండెక్కాక ఒక మనిషి వచ్చాడు. గుమ్మం నిండిపోయేంత భుజాలు, నిగనిగలాడే నలుపు. కుడిచెంప మీద ఉంగరమంత కాలిన మచ్చ. చేతులు మాత్రం మోచేతుల దాకా ఒక్క వెంట్రుకైనా లేకుండా నున్నగా ఉన్నాయి. రొట్టెల బట్టీలో పనట, పొయ్యి సెగకి వెంట్రుకలన్నీ మాడిపోయాయట. చెప్పులు బయట విడిచి లోపలికొచ్చాడు.

"గది ఫోటో అండి. మా ఆవిడకి ఆపరేషనైంది. ఇవాళ పంపించేస్తామన్నారు గాని రోజూ కట్టు మార్పించుకోవాలట. మా ఊరు వెళ్ళాలంటే సగం రోజు బస్సులోనే. ఆ కుదుపులకి కుట్లు ఊడతాయని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఆవిడ నడవగలిగినంత దూరంలో గది దొరికితే చాలండి."

"దొరకలేదా?"

"అడుగుతున్నానండి. అడగ్గానే, ఇప్పుడే ఎవరో తీసుకున్నారంటారు. కాసేపాగి చూస్తే ఖాళీగానే ఉంటుంది." ఆ మాట కోపంగా అనలేదు. ఇవాళ పిండి పొంగలేదన్నట్టు అన్నాడు. ఫోను తీసి చూపించాడు. "ఇదైతే నాలుగడుగులు. నిన్న అడిగాను, కాదన్నారు."

బాబాయి కళ్ళజోడు సర్దుకున్నాడు. కిటికీకి పసుపు తెర, మంచం మీద గళ్ళ దుప్పటి. ఆ దుప్పటి మడత తన చేత్తో సరిచేసిందే. ఫోటో తీసింది తనే, ఆ గది తన ఇంటి మేడమీద గదే. చెమ్మ మరకలు కనపడకుండా ఆ గోడలక్కూడా రెండు పాళ్ళు తెలుపు వేశాడు. ఫోటోలో ఉన్నట్టు లేదని ఇంతవరకు ఎవరూ ఆ గదిని కాదని వెనక్కి పోలేదు.

ఫోను వ్యవహారమంతా ఆయన భార్యది. కిందటేడు ఒక దొరబాబు దిగి, పోతూ పోతూ స్నానాలగది కుళాయిలు విప్పుకుపోయాడు. ఇల్లంతా నీళ్ళు. అప్పట్నుంచి ఆవిడ ముఖాల్ని పట్టి పట్టి చూడడం మొదలుపెట్టింది. కుళాయిలు పట్టుకెళ్ళినవాడు ఎర్రగా బుర్రగా ఉండేవాడు. జాగ్రత్త మాత్రం నల్లగా, మోటుగా ఉన్నవాళ్ళ మీద పడింది. ఆ దొరబాబు తన ఫోటోలో వేసుకున్నది ఏ కోటో బాబాయికి తెలుసు. ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. చెబితే కుళాయిల పాపం తన మెడకు చుట్టుకుంటుంది.

ఇప్పుడు ఒక్కమాట అంటే సరిపోయేది. ఇది మా ఇల్లే, పదండి, నేను మాట్లాడతాను అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాని వెనకే ఇంట్లో మొదలయ్యే గొడవ, కుళాయిల కథ మళ్ళీ మొదటినుంచీ, అన్నీ కళ్ళముందు కదిలాయి. మాట గొంతులోకి దిగిపోయింది.

"పాత ఫోటో చూపించండి," అన్నాడు.

అందులో ఆ మనిషి భుజంమీద ఎవరిదో చెయ్యి ఉంది. మణికట్టు దగ్గర ఫోటో ఆగిపోయింది.

"మా ఆవిడదండి. ఇద్దరం కలిసి దిగాం. అడిగేది నేను కదా అని ఆవిణ్ణి కత్తిరించాను."

"ఈ చెయ్యి చూస్తే ఏమనుకుంటారు?"

"చెయ్యే అనుకుంటారండి."

కోటు తొడిగితే క్లిప్పులతో పనిపడలేదు. వెనక రెండు రెక్కలూ జానెడు ఎడంగా నిలబడ్డాయి. బాబాయి శ్రద్ధగా తీశాడు. ఆ తర్వాత కంప్యూటరు ముందు చాలాసేపు కూర్చున్నాడు. రెండు పాళ్ళు కాదు, నాలుగు పాళ్ళు వేశాడు. చెంపమీద మచ్చ ఒక్క రుద్దుతో పోయింది. దవడ కాస్త లోపలికి నొక్కాడు. నోటితో చెయ్యలేని సాయం చేత్తో చేస్తున్నాననుకున్నాడు.

"ఇది నేనేనా అండి?" అన్నాడు రొట్టెలాయన.

"మీరే. వెలుగులో."

"పిండి కొద్దీ రొట్టె అంటారు. మీరు పిండే మార్చేశారు," అని నవ్వాడు. బెంచీ మీద కూర్చుని కొత్త ఫోటో పెట్టి అదే గది మళ్ళీ అడిగాడు. బాబాయి లైట్లు ఆర్పి గొడుగులు ముడిచేలోగా జవాబు వచ్చేసింది.

"ఇచ్చారండి. అదే గది." ఆ పెద్ద మనిషి లేచి నిలబడి ఏం చెయ్యాలో తెలియక బెంచీని తుడిచాడు. వెళ్ళబోతూ ఆగాడు. "ఈ కోటు సాయంత్రందాకా ఇస్తారా? ఫోటోలో కోటుంది. మనిషి మీద లేకపోతే అనుమానపడతారేమో."

కోటు గడప దాటడం ఎన్నడూ లేదు. ఇంకొకరు అడిగితే బాబాయి వినిపించుకునేవాడు కాదు. ఈయనకు కాదనడానికి ముఖం చెల్లలేదు.

"వెనక చీలి ఉంది," అన్నాడు.

"ఎదురుగానే నిలబడతానండి."

ఆయన రోడ్డు దాటి ఆసుపత్రిలోకి వెళ్తుంటే ఆ విశాలమైన వీపుమీద కోటు రెక్కలు గాలికి ఆడుతున్నాయి.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్తే భార్య వడ్డిస్తూనే ఫోను చూపించింది.

"ఈయన్ని చూడండి. ముఖంలోనే మంచితనం ఉట్టిపడుతోంది. భార్యకి ఒంట్లో బాగాలేదట, పాపం. దుప్పటి మార్చాను. వీపుకి ఆనుకోడానికి ఇంకో దిండు కూడా పెట్టాను."

బాబాయి కంచంలోకి చూస్తూ అన్నం కలిపాడు. "నిన్న కూడా ఎవరో అడిగారా?"

"ఎవరో అడిగారు. చూస్తేనే భయమేసింది. ఎవరిదో చెయ్యొకటి భుజంమీద. పేరుదాకా పోలేదు."

ఆవిడ చెడ్డది కాదు. ఒకరి నొప్పి విని దిండు వేసే మనిషి. ఆ దిండు సంగతి విన్నాక బాబాయికి మరీ సిగ్గేసింది. అప్పుడైనా చెప్పి ఉంటే కథ ఇక్కడితో హాయిగా అయిపోయేది. ఆయన మంచినీళ్ళు తాగి, తలూపి, చెప్పులు తొడుక్కున్నాడు.

మధ్యాహ్నమంతా పని సాగలేదు. ఇంటర్వ్యూకి ఫోటో కావాలని ఒకతను కోటు అడిగితే, ఉతకడానికి వేశానన్నాడు. ఖాళీ కొక్కెం వైపు చూడకుండా కూర్చోడానికి కుర్చీ అటు తిప్పుకున్నాడు. పొద్దు వాలుతుండగా ఫోను మోగింది. అవతల భార్య.

"ఫోటోలో ఆయన రాలేదండీ. ఇంకెవరో వచ్చాడు. నల్లకోటు వేసుకొచ్చి తనే ఆయనంటున్నాడు. తలుపేసేశాను. త్వరగా రండి."

షాపు చూస్తుండమని మందుల షాపాయనకి చెప్పి, బాబాయి అడ్డదారిన సందులోంచి పడ్డాడు. ఆ వయసులో పరుగులాంటి నడక నడిచాడు. గేటు దగ్గర ఎవరూ లేరు. మెట్టు మీద ఖాళీ గ్లాసు ఉంది.

"వెళ్ళిపోయాడు," అంది భార్య గడియ తీస్తూ. "గట్టిగా కూడా ఏమీ అనలేదు. వాడెవడో ఇంకొకరి ఫోటో పెట్టి..."

"ఇంకొకరిది కాదు, అతనిదే. నేనే తీశాను." కుర్చీలో కూర్చున్నాడు. "నిన్న నువ్వు కాదన్నది కూడా అతన్నే. మన గదే అడుగుతున్నాడని తెలిసి, నీతో చెప్పలేక, తెల్లగా చేసి పంపించాను."

ఆవిడ మెల్లగా అడిగింది. "కుళాయిలవాడిది?"

"వాడిదీ నేనే తీశాను."

తిట్లు తినడానికి ఆయన సిద్ధపడ్డాడు. అవి రాలేదు. ఆవిడ చూపు తలుపుకి ఎదురుగా గోడమీదున్న ఫోటో దగ్గర ఆగింది. పెళ్ళైన కొత్తలో ఇద్దరూ కలిసి దిగింది, ఆయన నల్లకోటులో ఉన్నాడు. తెల్లగా ఉండే ఆవిడ పక్కన నిలబడ్డందుకు ఆయన ఆనాడు తన నల్లటి ముఖానికి కూడా కుంచెతో రెండు పాళ్ళు తెలుపు వేసుకున్నాడు. ఆ సంగతి ఆవిడకు తెలుసు. ఎన్నడూ అనలేదు.

"ఆ అమ్మాయి మెట్టు మీద కూలబడింది," అంది ఆవిడ. "ఆకుపచ్చ శాలువా కప్పుకుంది. అంచు కత్తిరించినట్టుంది, దారాలు వేలాడుతున్నాయి. మంచినీళ్ళడిగింది. కిటికీ ఊచల్లోంచి ఇచ్చానండీ. తలుపు తియ్యలేదు." మేడగది తాళం చేతిలోకి తీసుకుంది. "కూర్చుంటారేం, వెళ్ళి తీసుకురండి. నేను మేడమీద లైటు వేస్తాను."

ఈసారి పెద్దరోడ్డు మీదుగా వెళ్ళాడు. ఆసుపత్రి గేటు దగ్గర చూశాడు, నీడ కింది బెంచీల మీద చూశాడు. లావుపాటి మనిషి కనపడ్డచోటల్లా ముందుకెళ్ళి ముఖంలోకి చూశాడు. బస్సులాగే చోట పొగ ఇంకా విడలేదు. దూరంగా మలుపు తిరుగుతున్న బస్సు వెనక అద్దం మీద చివరి ఎండ పడింది. స్టూడియోకి వచ్చేసరికి మందుల షాపాయన తన మెట్టు మీద నిలబడి ఉన్నాడు.

"ఆ కోటాయన, ఆయన భార్య ఇప్పుడే బస్సెక్కారు బాబాయ్. ఆ అమ్మాయి అడుగు తీసి అడుగు వెయ్యలేకపోతోంది. కట్టుగుడ్డ, నొప్పిమాత్రలు తీసుకున్నారు. ఉండమన్నాను, ఆ బస్సు పోతే మళ్ళీ లేదన్నారు. కోటు లోపల పెట్టాను."

"ఏమైనా అన్నాడా?"

"కిటికీలోంచి గోడమీద నీ ఫోటో కనిపించిందట. అందులో నువ్వూ ఈ కోటే వేసుకున్నావట. బాబాయిగారితో చెప్పండి, అన్నాడు. అంతే. ఏం ఫోటో బాబాయ్?"

బాబాయి లోపలికెళ్ళి లైటు వేశాడు. ముసలమ్మ ఫోటో కంప్యూటరులో ఇంకా అలాగే ఉంది, ముట్టుకోలేదు. దాన్ని ఉన్నదున్నట్టే ప్రింటుకి పంపాడు. ఇంట్లో మేడమీద లైటు వెలుగుతూ ఉంటుందని గుర్తొచ్చింది. ఇంటికెళ్ళి దాన్ని ఆర్పెయ్యమని ఎలా చెప్పాలో ఆయనకి తెలియలేదు. కోటు స్టూలు మీద నాలుగు మడతలుగా పెట్టి ఉంది. కొక్కేనికి తగిలించబోయి, అలవాటు కొద్దీ వీపు రెక్కల కోసం తడిమాడు. రెక్కలు లేవు. మెడ నుంచి అంచుదాకా, జానెడు వెడల్పున ఆకుపచ్చ శాలువా ముక్క వేసి, ఒక్క కుట్టూ వంకర పోకుండా కోటు వీపంతా కుట్టేసి ఉంది.