బురుల్ గొంతు

మంచుకొండల్లోని నారిన్ పట్నం చుట్టుపక్కల ఏ ఊళ్ళో ఎవరు పోయినా ముందు బురుల్‌కి కబురు వెళ్ళేది. ఆమె శోకం ఎత్తుకుందంటే గుడారం బయట నిలబడ్డ మగాళ్ళు కూడా కళ్ళు తుడుచుకునేవారు. అలాంటిది, సొంత అక్క అనీపా పోయిన రోజున ఆమె నోరు పెగల్లేదు.

నాలుగేళ్ళ కిందట చెయ్యి వణకడం మొదలైనప్పుడే డాక్టరు పార్కిన్సన్ జబ్బన్నాడు. ముఖం బిగుసుకుపోతుందనీ, గొంతు సన్నగిల్లుతుందనీ కూడా చెప్పాడు. ఇంట్లోవాళ్ళకు చెయ్యి ఒక్కటే గుర్తుండిపోయింది.

శవాన్ని ఉంచిన గుడారంలో ఆడవాళ్ళు ఆనవాయితీ ప్రకారం గోడవైపు తిరిగి శోకాలు పెడుతున్నారు. బురుల్ రెప్ప వెయ్యకుండా కూర్చుంది.

"చూశారా తల్లీ!" అంది అనీపా ఆడపడుచు కులీపా. "ఊళ్ళోవాళ్ళ కోసం గంటలకొద్దీ ఏడ్చింది. తోడబుట్టినదానికి ఒక్క చుక్క రాల్చదే! అది గుండెనా, బండరాయా?"

బురుల్ జవాబు కూడగట్టుకుంది. ఒక్కో మాటా వెతికి పెదవి దాకా తెచ్చేసరికి, అక్కడి కబుర్లు, వచ్చినవాళ్ళకు వండుతున్న మాంసం సరిపోతుందా లేదా అన్నదాకా వెళ్ళిపోయాయి. తెచ్చిన మాటలు మింగేసింది. కోపం రావాలి కదా అనుకుంది. రాలేదు.

మర్నాడు పొద్దున్నే అనీపా కూతురు మేరిమ్ వచ్చి ఎదురుగా కూర్చుంది. "పిన్నీ, అమ్మ నీకేం అన్యాయం చేసింది?"

బురుల్ పెదవులు కదిలాయి గాని ఏమీ వినపడలేదు. మేరిమ్ లేచి పోబోయి, ఏమనుకుందో, వంగి చెవి ఆమె నోటికి ఆనించింది.

"పాట ఉంది," అంది బురుల్. "గొంతే లేదు."

"చెప్పు పిన్నీ. నేనెక్కడికీ పోను."

పోసిన టీ రెండుసార్లు చల్లారింది. ఎత్తూ పల్లమూ లేకుండా, సంతలో తేవలసిన సరుకులు చెప్పినట్టు, బురుల్ పాటంతా చెప్పింది.

అనీపాను బయటికి తీసుకుపోయే ముందు మేరిమ్ శోకం ఎత్తుకుంది: "మంచు ముంచిన ఏడు ఒక్క కోటులో ఇద్దరం దూరాం అక్కా. నీ సగం నువ్వు తీసుకుపోతున్నావు, నా సగానికి చలేస్తోంది!"

గుడారమంతా గొల్లుమంది. కులీపా గుండెలు బాదుకుంది. "ఎంత బాగా పాడావే పిల్లా!"

"పాడటమే నాది అత్తా, పాట పిన్ని కట్టింది."

కులీపా బురుల్ ముఖంలోకి చూసింది. అక్కడ ఏమీ కనపడలేదు. వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

శవాన్ని ఎత్తారు. ఏడుపులు బురుల్‌కి ఏటి అవతలినుంచి వస్తున్నట్టు వినపడ్డాయి. ఖాళీ అయిన చోటునే చూస్తూ కూర్చుంది.